షెడ్డులో సాల్మొనెల్లా పాజిటివ్, కోళ్లు చూస్తే హుషారుగా ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?

గుడ్లబుట్ట:

అందరికీ నమస్తే. మాది లేయర్ ఫారం (గుడ్ల కోళ్లు), కేజ్‌లు కాదు, కింద లిట్టర్ (ఊక పరుపు) మీదే పెంచుతాం. మంద వయసు 42 వారాలు. గుడ్లు కొనే పార్టీ ఈమధ్య సాల్మొనెల్లా (తిండి ద్వారా మనుషులకి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) రిపోర్ట్ ఉంటేనే లోడ్ అంటే సరే అని బూట్ స్వాబులు (సాక్స్ తొడుక్కుని షెడ్డులో నడిచి తీసే శాంపిళ్లు) తీయించి ల్యాబుకి పంపించాం, రిపోర్ట్ వచ్చింది, సాల్మొనెల్లా ఎంటరిటిడిస్ పాజిటివ్ అని రాసుంది.

నాకు మింగుడు పడనిది ఏంటంటే ఒక్క కోడి కూడా డల్‌గా లేదు. మేత తింటున్నాయి, నీళ్లు తాగుతున్నాయి, ప్రొడక్షన్ తగ్గలేదు, రెట్ట మామూలుగానే ఉంది, మోర్టాలిటీ కూడా ఎప్పుడూ ఉండేంతే. ఇలాంటి మందకి ఇన్ఫెక్షన్ ఉందంటే ల్యాబు వాళ్లేమైనా శాంపిల్ మార్చేశారా అని కూడా డౌట్ వస్తోంది. తెలిసినవాళ్లని అడిగితే తలోమాట చెప్తున్నారు, ఒకరు యాంటీబయాటిక్ కోర్స్ పెట్టేయ్ అంటారు, ఒకరు మంద మొత్తం తీసేయ్ అంటారు, ఇంకొకరు సాల్మొనెల్లా లేని కోడి ఎక్కడుంది వదిలేయ్ అంటారు.

నా డౌట్లు: ఇది నిజంగా జబ్బేనా, గుడ్లు అమ్మొచ్చా, ఇంట్లో పిల్లలకి పెట్టొచ్చా, అసలు షెడ్డులోకి ఎక్కడి నుంచి వచ్చింది? కోడిపిల్లలు దింపినప్పుడు హేచరీ (పిల్లలు పొదిగించి అమ్మేచోటు) వాళ్లు నెగటివ్ సర్టిఫికెట్ ఇచ్చారు మరి. అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మొండిపుంజు:

బ్రో టెన్షన్ ఎందుకు. నీళ్లలో యాంటీబయాటిక్ 5 రోజులు పెట్టు, కోర్స్ అయిపోగానే మళ్లీ స్వాబ్ పంపు, నెగటివ్ వస్తుంది, ఆ కాగితం పార్టీ మొహాన కొట్టు. చాలామంది చేసేది ఇదే, ఎవరూ బయటికి చెప్పరు అంతే. కోళ్లు బానే ఉన్నాయి అంటున్నావ్ కదా, ఇంకేంటి నీ బాధ.

వెట్‌డాక్టర్:

గుడ్లబుట్ట గారూ, పై సలహా మాత్రం దయచేసి పాటించకండి, ఎందుకో కింద చెప్తాను. ముందు మీ మొదటి డౌట్.

సాల్మొనెల్లా అంటే ఒకటే రకం క్రిమి అనుకుంటాం కానీ 2500 పైగా సెరోటైపులు, అంటే ఉపరకాలు ఉన్నాయి. వాటిలో కోళ్లకి మాత్రమే ప్రాణం మీదకి తెచ్చేవి రెండు, పుల్లోరం, గల్లినేరం. పుల్లోరం వస్తే చిన్న కోడిపిల్లలు వెచ్చదనం కోసం పెట్టే బ్రూడర్ కింద గుంపుగా ముడుచుకుని కీచుకీచుమంటాయి, వెనక భాగానికి తెల్లగా సున్నంలా రెట్ట అతుక్కుపోయి ఉంటుంది, టపాటపా చచ్చిపోతాయి. గల్లినేరం ఫౌల్ టైఫాయిడ్, ఎదిగిన కోళ్లకి కూడా వస్తుంది, జుట్టు పాలిపోతుంది, ఆకుపచ్చ పసుపు కలిసిన విరేచనం, పోస్టుమార్టం చేస్తే లివర్ ఉబ్బిపోయి కంచు రంగులో మెరుస్తూ కనిపిస్తుంది. ఇవి వస్తే మీరు ఫోరంలో అడగాల్సిన పని ఉండదు, షెడ్డులోకి అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. కానీ మనుషులకి వీటితో దాదాపు ఇబ్బంది లేదు.

మీ రిపోర్టులో ఉన్న ఎంటరిటిడిస్, ఇంకా టైఫిమ్యూరియం అనేది, ఈ రెండూ దీనికి పూర్తిగా రివర్స్. ఎదిగిన కోడి పేగు చివర ఉండే రెండు సీకా తిత్తుల్లో హాయిగా కాపురం పెడతాయి, కోడికి ఏమీ కాదు, అప్పుడప్పుడు రెట్టలో బయటికి వస్తుంటాయి. అంటే ఇక్కడ జబ్బు పడేది కోడి కాదు, ఆ కోడి మాంసమో గుడ్డో సరిగ్గా ఉడక్కుండా తిన్న మనిషి. కాబట్టి కోళ్లు హుషారుగా ఉండటం చూసి ల్యాబు తప్పు అనుకోకండి, ఎంటరిటిడిస్ ఉన్న మంద దాదాపు ఎప్పుడూ ఇలాగే కనిపిస్తుంది.

ఎంటరిటిడిస్‌కి ఇంకో టాలెంట్ ఉంది, అందుకే గుడ్ల వ్యాపారంలో దీని పేరు చెబితే అందరూ ఉలిక్కిపడతారు. అది పేగు దాటి రక్తంలోకి వెళ్లి అండాశయం దాకా, గుడ్డు తయారయ్యే నాళం దాకా చేరుతుంది, అక్కడ పెంకు కట్టకముందే గుడ్డు లోపలికి దిగిపోతుంది. పైకి పెంకు అద్దంలా శుభ్రంగా ఉంటుంది, పగులు ఉండదు, వాసన ఉండదు, లోపల మాత్రం క్రిమి ఉంటుంది. అలాగని పాజిటివ్ మందలో ప్రతి గుడ్డూ విషం కాదు, చాలా తక్కువ గుడ్లలోనే ఉంటుంది. ఎంత తక్కువంటే, అమెరికాలో షెడ్డు స్వాబ్ పాజిటివ్ వస్తే ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) రూల్ ప్రకారం 2 వారాలకోసారి 1000 గుడ్ల చొప్పున 4 సార్లు, మొత్తం 4000 గుడ్లు టెస్ట్ చేయాలి, పది ఇరవై గుడ్లు చూస్తే దొరకదు కాబట్టే అన్ని.

తాజా గుడ్డులో అది ఉన్నా చాలా కొద్దిగా ఉంటుంది. తెల్లసొన దాన్ని పెరగనివ్వదు, అందులో ఐరన్‌ని క్రిమికి దొరక్కుండా పట్టేసుకునే ప్రోటీన్ ఉంటుంది, లైసోజైమ్ ఉంటుంది. కానీ గుడ్డుని వేడిలో రోజుల తరబడి ఉంచితే పచ్చసొన చుట్టూ ఉండే పొర బలహీనపడుతుంది, క్రిమికి లోపల ఉన్న తిండి అందుతుంది, ఇక అక్కడి నుంచి వేగంగా పెరుగుతుంది. కాబట్టి గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి ఎంత త్వరగా చల్లని చోటికి చేరితే అంత మంచిది.

ఇక యాంటీబయాటిక్ సంగతి. మందు పెట్టినన్ని రోజులు, ఆపిన కొద్దిరోజుల వరకు రెట్టలో క్రిమి తగ్గిపోయి ల్యాబులో పెరగదు, రిపోర్ట్ నెగటివ్ వస్తుంది, ఇంతవరకు మొండిపుంజు గారు చెప్పింది కరెక్టే. కానీ క్రిమి సీకాలో, లివర్‌లో, లిట్టర్‌లో అలాగే ఉంటుంది. మందు ఆపాక మళ్లీ మొదలవుతుంది, పైగా ఈలోపు పేగులో ఉండే మంచి బ్యాక్టీరియాని కూడా మీరే చంపేశారు కాబట్టి దానికి పోటీ కూడా ఉండదు. గుడ్లలో మిగిలిపోయే మందు, అంటే రెసిడ్యూ ఒక తలనొప్పి. వీటన్నిటికంటే పెద్దది రెసిస్టెన్స్, ఆ షెడ్డు నుంచి మందుకి లొంగని సాల్మొనెల్లా బయటికెళ్లి ఎవరికైనా ఒంట్లో రక్తంలోకి పాకితే అప్పుడు డాక్టర్ చేతిలో పనిచేసే మందు ఉండదు. యూరోపియన్ యూనియన్ అయితే కోళ్లలో సాల్మొనెల్లా కంట్రోల్ పేరుతో యాంటీబయాటిక్ వాడకూడదని 2006 లోనే రూల్ పెట్టింది, మినహాయింపులు చాలా కొద్దిగా ఉన్నాయి.

మొండిపుంజు:

డాక్టర్ గారూ మీరు చెప్పేది చదవడానికి బానే ఉంది. మంద తీసేస్తే నష్టం భరించేది ఎవరు, మీరా? రైతే కదా. పైగా ఉడకబెడితే చచ్చే క్రిమికి ఇంత హడావుడి ఏంటి, జనం గుడ్డు పచ్చిగా తాగుతారా?

వెట్‌డాక్టర్:

నష్టం గురించి మీ కోపం న్యాయమైనదే, దాన్ని నేను కాదనను. పరిహారం లేని చోట రైతు నిజం దాచిపెట్టడమే తెలివి అనుకుంటాడు, చాలా దేశాల్లో కంట్రోల్ ప్రోగ్రాములు ముందుకు కదలకపోవడానికి అదే కారణం.

ఉడకబెడితే చస్తుంది అన్నదీ నిజమే. కానీ మయోనీస్, ఐస్‌క్రీమ్, సగం ఉడికిన గుడ్డు, పెద్ద వంటల్లో వందల గుడ్లు ఒకే గిన్నెలో కొట్టి పక్కన పెట్టడం, వీటిలో ఒక్క గుడ్డు చాలు మొత్తం పాడుచేయడానికి. బ్రిటన్‌లో 1988 డిసెంబర్‌లో ఎడ్వినా కరీ అనే జూనియర్ హెల్త్ మినిస్టర్ దేశంలో గుడ్ల ఉత్పత్తిలో చాలావరకు సాల్మొనెల్లా ఉంది అని టీవీలో అనేసరికి గుడ్ల అమ్మకాలు కుప్పకూలాయి, రైతులు గోల పెట్టారు, 2 వారాల్లో ఆవిడ రాజీనామా చేయాల్సి వచ్చింది, తర్వాత లక్షల కోళ్లని చంపేశారు. ఆవిడ ఎక్కువ చేసి చెప్పింది నిజం, సమస్య ఉన్నదీ నిజం. అక్కడ దారికొచ్చింది మందులతో కాదు. 1998 నుంచి గుడ్ల మీద సింహం ముద్ర వేసే లయన్ మార్క్ స్కీమ్ కింద లేయర్లకి ఎంటరిటిడిస్ టీకా తప్పనిసరి చేశారు, దాంతోపాటు ఎలుకలు, శుభ్రత, టెస్టింగ్ అన్నీ ఒకేసారి బిగించారు. మనుషుల్లో కేసులు ఎంత పడిపోయాయంటే 2017 లో అక్కడి ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ ఆ మార్క్ ఉన్న గుడ్లని గర్భిణీలు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు కూడా సగం ఉడికినవి తినొచ్చు అని సలహానే మార్చేసింది. ఎక్కడైతే రైతులు ములిగిపోయారో అదే గుడ్ల వ్యాపారం మళ్లీ పుంజుకుంది.

గుడ్లబుట్ట:

డాక్టర్ గారూ చాలా థాంక్స్, ఇప్పుడు విషయం బుర్రకెక్కింది. అయితే యాంటీబయాటిక్ పెట్టను. కానీ షెడ్డులోకి ఎలా వచ్చిందో మాత్రం ఇంకా అంతుచిక్కట్లేదు. హేచరీ నెగటివ్, బయటివాళ్లని లోపలికి రానివ్వం, గేటు దగ్గర ఫుట్‌బాత్ ఉంది. ఫీడ్ బయట కొంటాం, పెల్లెట్ (వేడితో గుళికలుగా ఒత్తిన మేత). ఫీడ్ రూములో చిట్టెలుకలు అయితే ఉన్నాయి, అవి ఏ ఫారంలో ఉండవు చెప్పండి.

బ్రూడర్‌బల్బు:

అన్నా నీ ప్రశ్నకి జవాబు నీ చివరి లైన్లోనే ఉంది 🙂

నేను ఇన్నేళ్లుగా షెడ్ల సూపర్‌విజన్ చేస్తున్నా, ఎంటరిటిడిస్ అనగానే నేను మొదట చూసేది ఎలుకల్ని. చిట్టెలుక రోజుకి 50 నుంచి 100 దాకా పెంటికలు వేస్తుంది, ఎక్కడపడితే అక్కడ, ముఖ్యంగా ఫీడర్‌లో, అవి చూడ్డానికి మేత గింజల్లా ఉంటాయి కాబట్టి కోడి టక్కున ముక్కుతో పొడిచి మింగేస్తుంది. ఒక్కో పెంటికలో లక్షల్లో క్రిములు ఉండొచ్చు. ఎలుకకి నెలల తరబడి ఇన్ఫెక్షన్ ఉంటుంది, పాత మంద నుంచి అంటించుకుని షెడ్డు ఖాళీ అయినప్పుడు గోడలో కూర్చుని కొత్త మంద రాగానే దానికి అంటిస్తుంది. అంటే మీ హేచరీ సర్టిఫికెట్ నిజమే అయ్యుండొచ్చు, నీ పిల్లలు నెగటివ్‌గానే దిగి ఉంటాయి, కింద నేల, గోడ, ఎలుక నెగటివ్ కాదు అంతే. రాత్రి లైట్లు ఆపేసి అరగంట తర్వాత టార్చి పట్టుకుని ఫీడ్ రూములోకి వెళ్లి చూడు, పగలు ఒకటి కనిపించిందంటే రాత్రికి ఊరేగింపే.

ఎలుకల తర్వాత లిట్టర్‌లో ఉండే చిన్న నల్ల పురుగులు, లిట్టర్ బీటిల్స్ అంటాం కదా, లిట్టర్ ఎత్తేటప్పుడు కుప్పలు కుప్పలుగా గోడ పగుళ్లలోకి, ఇన్సులేషన్‌లోకి ఎక్కేస్తాయి, కొత్త లిట్టర్ వేసి హీటర్ పెట్టగానే మళ్లీ దిగుతాయి. కోడిపిల్లలకి వాటిని తినడమంటే మహా సరదా. ఈగలు, రెడ్ మైట్ (కోడి రక్తం తాగే ఎర్ర గోమారి లాంటి పురుగు) కూడా లిస్టులో ఉన్నాయి.

ఫీడ్ విషయానికొస్తే పెల్లెట్ చేసేటప్పుడు 80 డిగ్రీలు పైన వేడి తగులుతుంది, అప్పుడు చాలావరకు చస్తుంది, కానీ తర్వాత కూలర్‌లో చల్లార్చేటప్పుడు దుమ్ముతో మళ్లీ అంటుకోవచ్చు, ట్రక్కులో అంటుకోవచ్చు, మేత నిల్వ చేసే నీ సైలోలో ఎలుక చేరితే సరేసరి. అందుకే ఫీడ్ మిల్లు వాళ్లు ఫార్మిక్, ప్రొపియానిక్ లాంటి యాసిడ్లు కలుపుతుంటారు, అది కలిపారా అని అడుగు. పొడి మేతలో, పొడి దుమ్ములో కూడా ఇది నెలల తరబడి బతుకుతుంది, ఎండిపోయింది కదా చచ్చిపోయి ఉంటుంది అనుకోవద్దు.

ఇప్పుడు అసలు పని, ఈ మంద పోయాక షెడ్డు క్లీనింగ్. ఇక్కడే అందరూ షార్ట్‌కట్ కొడతారు.

ఎలుకల మందు మంద లోపల ఉండగానే మొదలెట్టాలి. మంద ఎత్తేశాక మేత ఉండదు కాబట్టి ఎలుకలు పక్క షెడ్డుకి సర్దుకుంటాయి, నువ్వు ఖాళీ షెడ్డులో మందు పెట్టి ఒక్కటీ లేదు అని సంబరపడతావు, కొత్త మంద రాగానే చుట్టాలన్నీ తిరిగొస్తాయి. 6 మిల్లీమీటర్ల సందు ఉన్నా చిట్టెలుక దూరుతుంది, పెన్సిల్ పట్టే ప్రతి కన్నం మూసేయ్, షెడ్డు చుట్టూ గడ్డి, పాత ట్రేలు, చెక్కలు తీసేయ్.

తర్వాత లిట్టర్ మొత్తం ఎత్తి ఫారం నుంచి దూరంగా పంపు, షెడ్డు పక్కనే గుట్టపోస్తే గాలికి మళ్లీ లోపలికే. ఫ్యాన్ రెక్కలు, కిటికీ మెష్, ట్యూబ్ లైట్ల పైన, నెస్ట్ బాక్సుల అడుగు, మేతని ముందుకు తోసే ఆగర్ లోపల, వీటన్నిట్లో దుమ్ము పొడిగా ఉండగానే ఊడ్చి గీకాలి. ఆ తర్వాత డిటర్జెంట్‌తో కడగాలి, నురగ కాసేపు నాననివ్వాలి. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, ఆరాకే డిసిన్‌ఫెక్టెంట్. ఎందుకు ఇంత వరసగా చెప్తున్నానంటే రెట్ట ముక్క మిగిలిన చోట ఎంత ఖరీదైన డిసిన్‌ఫెక్టెంట్ కొట్టినా వేస్టు, ఆ మురికే దాన్ని తాగేస్తుంది. ఇంకోటి, సగం సగం కడిగి తడిగా వదిలేస్తే అసలు కడగనిదాని కంటే హీనం, మిగిలిన మురికికి తడి తోడై క్రిమి పెరుగుతుంది. నేల పగుళ్లు ఉంటే సిమెంటు పెట్టి పూడ్చు, అందులోకి ఏ బ్రష్షూ వెళ్లదు.

నీళ్ల పైపులు మర్చిపోకు. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ లైన్ చివర క్యాప్ తీసి వేలు పెట్టి చూడు, లోపల జిగురు జిగురుగా తగిలిందంటే అది బయోఫిల్మ్ (క్రిములు కట్టుకున్న పొర), మనం నీళ్లలో విటమిన్లు, మందులు కలిపి కలిపి దానికి తిండి పెడుతుంటాం. మంద లేనప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ బేస్ ఉన్న క్లీనర్ నింపి నానబెట్టి గట్టి ప్రెషర్‌తో ఫ్లష్ కొట్టాలి.

ఇంకొకటి. కొత్త పిల్లల మొదటి వారం చాలా కీలకం. అప్పుడే పొదిగిన పిల్ల పేగు ఖాళీ, పదుల సంఖ్యలో క్రిములు చాలు లోపల సెటిల్ అవడానికి, అదే ఎదిగిన కోడికైతే చాలా ఎక్కువ కావాలి. ఫిన్‌లాండ్‌లో 1971 లో బ్రాయిలర్లలో ఇన్ఫాంటిస్ అనే సాల్మొనెల్లా విపరీతంగా వచ్చినప్పుడు నుర్మి అనే ఆయన, రంటాలా అనే ఆయన కలిసి ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగులోని పదార్థాన్ని ఒకరోజు పిల్లలకి పట్టించి చూశారు, ఆ మంచి బ్యాక్టీరియా ముందే సీట్లు ఆక్రమించేసరికి సాల్మొనెల్లాకి నిలబడే చోటే దొరకలేదు, 1973 లో నేచర్ పత్రికలో వేశారు. సహజంగా అయితే తల్లికోడి కింద తిరిగే పిల్లకి ఆ బ్యాక్టీరియా తల్లి రెట్ట నుంచే వస్తుంది, హేచరీలో మిషన్‌లో పొదిగిన పిల్లకి తల్లి ఎక్కడిది? ఇప్పుడు అలాంటి కల్చర్ ప్రొడక్టులు దొరుకుతాయి, మీ వెట్‌ని అడిగి పిల్లలు దింపిన రోజే ఇవ్వు, వారం తర్వాత ఇస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

హాఫ్‌బాయిల్:

నేను రైతుని కాదండీ, గుడ్లు తినే పార్టీ. ఇదంతా చదివాక కడుపులో తిప్పుతోంది. గుడ్లు తెచ్చాక కడిగి ఫ్రిజ్‌లో పెడతాను, చికెన్ కూడా 3 సార్లు కడుగుతాను, ఇది సరిపోతుందా?

వెట్‌డాక్టర్:

గుడ్లు కడగడం, చికెన్ కడగడం రెండూ ఆపేయడమే మంచిది, ముఖ్యంగా చికెన్. పంపు కింద పచ్చి చికెన్ కడిగితే క్రిమి పోదు, సన్నటి తుంపర్లుగా సింకు మీద, పక్కనున్న గిన్నెల మీద, కోసిపెట్టిన కూరగాయల మీద పడుతుంది. చంపేది వేడి మాత్రమే, ముక్క మధ్యలో 74 డిగ్రీలు తాకితే చాలు. ఫ్రీజర్‌లో పెడితే చస్తుంది అనుకుంటారు, చావదు, నిద్రపోతుంది.

గుడ్డు పెంకు మీద వేల సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి, వాటి మీద క్యూటికల్ అనే సన్నని పూత ఉంటుంది. వెచ్చటి గుడ్డుని చల్లటి నీళ్లలో పెడితే లోపలి పదార్థం కుంచించుకుపోయి రంధ్రాల గుండా బయటి నీళ్లని లోపలికి లాక్కుంటుంది, మీరు కడగాలనుకున్న మురికి లోపలికెళ్తుంది. అమెరికాలో ఫ్యాక్టరీలో గుడ్లు కడుగుతారు, కానీ గుడ్డు కంటే వేడిగా ఉన్న నీళ్లతో, వెంటనే ఆరబెట్టి ఫ్రిజ్ టెంపరేచర్‌లోనే ఉంచుతారు. యూరోపియన్ యూనియన్‌లో మామూలుగా అమ్మే క్లాస్-A గుడ్లు కడగడమే సాధారణంగా నిషేధం, పూత పోతుందని. రెండు పద్ధతులూ పనిచేస్తాయి, ఇంట్లో చల్లటి నీళ్లతో కడగడం మాత్రం రెంటికీ చెందదు. మురికి గుడ్డైతే వండే ముందు పొడిగా తుడవండి, గట్టిగా అంటుకుని ఉంటే వాడకండి, పచ్చి గుడ్డు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగండి.

గుడ్లబుట్ట గారికి కూడా ఇదే జవాబు. ఇంట్లో పిల్లలకి పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి పెట్టండి. అంటితే సాధారణంగా 6 గంటల నుంచి 3 రోజుల లోపు జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి, ఎక్కువమందికి వారంలోపు దానంతట అదే తగ్గుతుంది, కానీ పసిపిల్లలకి, ముసలివాళ్లకి, వేరే జబ్బులున్నవాళ్లకి ఒళ్లు ఎండిపోవడం, రక్తంలోకి పాకడం జరుగుతుంది, అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకి వెళ్లాలి. షెడ్డులో పనిచేసి వచ్చిన చెప్పులు, బట్టలు ఇంట్లోకి తీసుకురాకండి, 5 ఏళ్లలోపు పిల్లల్ని కోడిపిల్లలతో ఆడుకోనివ్వకండి, ఎంత ముద్దొచ్చినా సరే.

అమ్మకం గురించి: పాజిటివ్ మంద గుడ్లని పచ్చి గుడ్లుగా అమ్మకుండా వేడి చేసి పాశ్చరైజ్ చేసే ప్రాసెసింగ్‌కి పంపడం అనేది అమెరికాలో, యూరప్‌లో ఉన్న పద్ధతి. రేటు తగ్గుతుంది, కానీ మంద చంపాల్సిన పని లేకుండా ఒక దారి. మీ పార్టీకి రిపోర్ట్ దాచకుండా చూపించి ఇది అడగండి.

పెట్రిడిష్:

ల్యాబు మీద డౌట్ అన్నారు కాబట్టి ల్యాబు తరఫున ఒక మాట 😀 శాంపిల్ మారడం అసాధ్యం అనను కానీ పాజిటివ్ ఊరికే రాదు. మీరు పంపిన స్వాబ్‌ని ముందు పెప్టోన్ నీళ్లలో ఒకరోజు ఉంచి బలహీనంగా ఉన్న క్రిముల్ని కోలుకోనిస్తాం, తర్వాత సాల్మొనెల్లాకి నచ్చి మిగతావాటికి నచ్చని మీడియాలోకి (క్రిమిని పెంచే ఆహారంలోకి) మారుస్తాం, తర్వాత ఎక్స్‌ఎల్‌డీ అనే రంగు మీడియా ఉన్న ప్లేటు మీద గీస్తాం. అక్కడ గులాబీ రంగు కాలనీ, మధ్యలో నల్లచుక్క, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. ఆ తర్వాత బయోకెమికల్ టెస్టులు, సీరం కలిపి గడ్డకడుతుందో లేదో చూసి సెరోటైప్ రాస్తాం. అందుకే ఇన్ని రోజులు పడుతుంది, ఫోన్ చేసి తొందరపెట్టినా క్రిమి తొందరగా పెరగదు.

పాజిటివ్ కంటే నెగటివ్‌ని ఎక్కువ అనుమానించాలి. కోడి రోజూ క్రిమిని వదలదు, ఒక వారం వదిలి ఒక వారం ఆపేస్తుంది, కాబట్టి ఒక్క నెగటివ్ కాగితం పట్టుకుని షెడ్డు క్లీన్ అనుకోకూడదు. బూట్ స్వాబ్ తీసేటప్పుడు కూడా సాక్స్ తడిపి, షెడ్డు నాలుగు మూలలా, నీళ్ల లైన్ కింద, నెస్ట్ బాక్సుల ముందు నడవాలి, తలుపు దగ్గర శుభ్రంగా ఉన్నచోట నాలుగడుగులు వేసి పంపితే మా దగ్గరకి వచ్చేది ఉత్త సాక్సే. ఫ్యాన్ల దగ్గర దుమ్ము కూడా ఒక శాంపిల్ పంపండి, దుమ్ములో పాత చరిత్ర అంతా ఉంటుంది. కోళ్లకి యాంటీబయాటిక్ పెట్టి ఉంటే శాంపిల్‌తో పంపే కాగితంలో రాయండి, దాచితే మా రిపోర్ట్ మీకే పనికిరాదు.

ఇంకో చిన్న విషయం చాలామందికి తెలీదు, స్వాబులకి మేం ఎక్కువగా వాడే మెత్తటి మీడియా క్రిమి ఈదుకుంటూ పాకడం మీద ఆధారపడుతుంది. పుల్లోరం, గల్లినేరం రెండిటికీ తోకల్లాంటి ఫ్లాజెల్లా ఉండవు, అవి కదలవు, కాబట్టి ఆ పద్ధతిలో నెగటివ్ వచ్చినా అవి లేవని కాదు. కోళ్లు చస్తుంటే స్వాబ్ కాదు, చచ్చిన కోడినే పంపండి.

మొండిపుంజు:

సరే లెండి, మందు మాట వెనక్కి తీసుకోను కానీ ఎలుకల సంగతి మాత్రం ఒప్పుకుంటా, మా ఫీడ్ రూము కూడా అలాగే ఉంది. మంద ఉండగానే మందు పెట్టాలి అంటున్నారు, కోళ్లు తింటే?

బ్రూడర్‌బల్బు:

షెడ్డు లోపల నేల మీద చల్లకూడదు అన్నా. తాళం వేసే బెయిట్ బాక్సులు ఉంటాయి, ఎలుక దూరేంత కన్నమే ఉంటుంది, గోడల వెంబడి బయటివైపు, ఫీడ్ రూములో, సీలింగ్ పైన పెట్టు. ప్రతి బాక్సుకి నంబర్ వేసి ఏది ఖాళీ అవుతోందో రాసుకుంటే దారి ఎటో నీకే తెలుస్తుంది. చచ్చినవి ఏరి పాతిపెట్టు. పిల్లిని మాత్రం పెంచకు, అదీ సాల్మొనెల్లా మోస్తుంది.

గుడ్లబుట్ట:

అందరికీ పేరుపేరునా థాంక్స్. పార్టీతో మాట్లాడా, మొదట మొహం మాడ్చుకున్నాడు కానీ ప్రాసెసింగ్ ప్లాంటు వాళ్ల నంబర్ ఆయనే ఇచ్చాడు, ఈ మంద అయిపోయేదాకా గుడ్లు అటు పంపిస్తాను. బెయిట్ బాక్సులు ఆర్డర్ పెట్టా. నిపుల్ లైన్ క్యాప్ తీసి వేలు పెట్టి చూశాను, ఛీ, ఇన్నాళ్లూ ఈ నీళ్లా తాగించింది అనిపించింది.

చివరగా ఒకటి, కొత్త బ్యాచ్‌కి టీకా వేయిద్దాం అనుకుంటున్నా. లైవ్ (బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసిన టీకా) మంచిదా, కిల్డ్ (చంపిన క్రిమితో చేసింది) మంచిదా? టీకా వేస్తే ఇంక రాదా?

వెట్‌డాక్టర్:

రాకుండా పూర్తిగా ఆపదు. టీకా వేసిన కోడి పేగులో క్రిమి చేరడం కష్టమవుతుంది, చేరినా తక్కువ వదులుతుంది, గుడ్డులోకి దిగేది బాగా తగ్గుతుంది. ఎలుకలు అలాగే ఉంటే టీకా కూడా ఓడిపోతుంది.

లైవ్ అయితే కోడిపిల్లలుగా ఉన్నప్పుడు నీళ్లలో ఇవ్వచ్చు, ఒక్కో కోడిని పట్టుకోనక్కర్లేదు, పేగులో తొందరగా రక్షణ వస్తుంది. కిల్డ్ అయితే గుడ్లకి వచ్చేముందు ఒక్కో పుల్లెట్‌ని (ఇంకా గుడ్డు పెట్టని పడుచు పెట్టని) పట్టుకుని ఇంజెక్షన్ చేయాలి, పని ఎక్కువ, కానీ లే పీరియడ్‌లో యాంటీబాడీలు ఎక్కువకాలం నిలుస్తాయి. చాలా ఫారాల్లో పిల్లప్పుడు లైవ్, లే కి ముందు కిల్డ్, రెండూ కలిపి వాడతారు, మీ షెడ్డుకి చరిత్ర ఉంది కాబట్టి నేనైతే అదే చెప్తాను. మీ దగ్గర ఏ టీకాకి అనుమతి ఉందో లోకల్ వెట్‌ని అడిగి షెడ్యూల్ రాయించుకోండి. లైవ్ టీకా ఇచ్చే రోజుల్లో ముందూ వెనకా యాంటీబయాటిక్ పెట్టకూడదు, నీళ్లలో క్లోరిన్ ఉండకూడదు, రెండూ టీకానే చంపేస్తాయి.

పెట్రిడిష్:

లైవ్ వేస్తే శాంపిల్‌తో పంపే కాగితంలో టీకా పేరు, వేసిన తేదీ తప్పకుండా రాయండి. టీకా స్ట్రెయిన్ కూడా సాల్మొనెల్లానే, కొన్నాళ్లు రెట్టలో వస్తుంది, మాకు చెప్పకపోతే ప్లేటు మీద అదే నల్లచుక్క కనిపిస్తుంది, మేం పాజిటివ్ అని రాసేస్తాం. చెబితే రెండిటినీ వేరుచేసే టెస్ట్ చేసి పంపిస్తాం. షెడ్డు కడిగాక కొత్త పిల్లలు దింపకముందే ఒకసారి స్వాబులు పంపండి, నేల పగుళ్లు, ఫ్యాన్లు, నెస్ట్ బాక్సులు విడివిడిగా కవర్లలో పెట్టి పేర్లు రాసి పంపితే ఎక్కడ మిగిలిందో చెప్పగలం, అన్నీ ఒకే కవర్లో కుక్కితే షెడ్డులో ఎక్కడో ఉంది అని మాత్రమే చెప్పగలం.